తమలపాకు నూనె: దిగే ముందు లెక్క చూసుకోండి

మిరియం, పిప్పలి, తమలపాకు ఒకే కుటుంబానికి చెందిన తీగలు. వీటి నూనెకు మంచి ధర ఉందని ఎవరైనా చెబితే, పెట్టుబడి పెట్టే ముందు ఆ నూనెలో ఏముంటదో, ఎంత వస్తదో తెలుసుకోండి.

మిరియం మనకు కుదరదు

మిరియానికి ఏటా 2,000 మి.మీ. దాకా వాన, చల్లని నీడ కావాలి. చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు అందులో సగం కూడా పడదు. పాడేరు, చింతపల్లి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకే తీగ మన ఎర్ర చెల్కల్లో ఎండకు ఆగదు.

ఘాటు వేరు, వాసన వేరు

మిరియం కారం పైపెరిన్ వల్ల వస్తుంది. అది ఆవిరితో రాదు, గింజలోనే మిగిలిపోతది. నూనెలోకి వచ్చేవి పైనీన్, సాబినీన్, లిమొనీన్, కారియోఫిలీన్ వంటివి. ఇవి వాసననిస్తాయి.

తమలపాకు నూనెలో యూజినాల్, చావిబెటాల్ వంటివి ఉంటాయి. లవంగం వాసన కూడా యూజినాల్‌దే. రకం, నేల, కోసిన ఆకు వయసును బట్టి ఇవి మారుతాయి. కొన్ని రకాల్లో సాఫ్రోల్ ఎక్కువ. ఇది ఆరోగ్యానికి మంచిది కాదు కాబట్టి, ఏది ఎంతుందో గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్షలో తేల్చుకోవాలి.

100 కిలోలకు ఎంత?

పచ్చి ఆకులో సుమారు 85 శాతం నీరే. అంటే 100 కిలోల ఆకులో ఎండు పదార్థం 15 కిలోలు. అందులో నూనె 1 శాతం ఉంటే 150 గ్రాములు, 2 శాతం ఉంటే 300 గ్రాములు. దీన్నుంచే కట్టెలు, కూలి, రవాణా ఖర్చులు పోవాలి. కాబట్టి మంచి ఆకును కట్టలుగా అమ్ముకుని, అమ్ముడుపోని, చిరిగిన ఆకునే బట్టీకి వాడితే మేలు.

జాగ్రత్తలు

* మందు కొట్టిన వెంటనే కోసిన ఆకు వాడొద్దు.
* యూజినాల్ నీటికన్నా బరువు. నూనెంతా పైకే తేలుతదనుకుని అడుగు నీటిని పారబోయకండి.
* నూనెను ముదురు రంగు గాజు సీసాల్లో, నీడలో ఉంచండి. ప్లాస్టిక్ డబ్బాల్లో పోయొద్దు.
* ఎండాకాలంలో బోరు ఎండిపోయేవారు ఆకుతోట జోలికి పోవద్దు. నిమ్మగడ్డి, పామారోజా వంటి సుగంధ గడ్డి పైర్లకు నీటి అవసరం తక్కువ. వీటి గురించి హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమ్యాప్ పరిశోధన కేంద్రంలో అడగవచ్చు.

అన్నింటికన్నా ముందు కొనేవారిని వెదకండి. ఏ పరీక్ష నివేదిక కావాలి, కిలోకు ఎంత ఇస్తారు అన్నది రాతపూర్వకంగా తీసుకున్నాకే బట్టీకి డబ్బు పెట్టండి.