కెర్నెలు, పరికరములు, వాని డ్రైవర్లు



కంప్యూటరనగా ఒక యంత్రమని వాడుకగా పలుకుదుము. నిజమునకు అది పెక్కు యంత్రముల కూటమి. కీబోర్డు ఒకటి, మౌసు ఒకటి, తెర ఒకటి. డిస్కు, ప్రింటరు, స్పీకరు మొదలగునవి వేఱు. ఇవి వేర్వేఱు దేశములలో, వేర్వేఱు కంపెనీలచేత, వేర్వేఱు కాలములందు చేయబడినవి. ఒకదాని భాష మఱియొకదానికి తెలియదు. అయినను మీటను నొక్కినంతనే అక్షరము తెరపై నిలుచుచున్నది. అచ్చువేయుమని కోరినంతనే ప్రింటరు కాగితమును లాగుకొనుచున్నది. ఈ పొందిక యెట్లు కలుగుచున్నది? దీనికి మూలమైన కెర్నెలును గూర్చియు, దానికి లోబడి పనిచేయు డ్రైవర్లను గూర్చియు, ఆ యేర్పాటునందలి మేలును, ప్రమాదమును గూర్చియు ఈ వ్యాసమున తెలిసికొందము.

1. కెర్నెలు అనగా నేమి?

కెర్నెలు అను ఆంగ్లపదమునకు గింజలోని పప్పు అని యర్థము. ఆపరేటింగు సిస్టమునందు మన కంటికి కనబడు బొమ్మలు, పట్టికలు మొదలగునవి పైపెంకు వంటివి. లోపలి పప్పు కెర్నెలు. కంప్యూటరును వెలిగించిన కొలదిసేపటిలో ఇది మెమరీలోనికి చేరి, యంత్రమును ఆర్పువఱకు అచ్చటనే యుండును. ప్రోగ్రాములు వచ్చుచు పోవుచుండును, కెర్నెలు కదలదు.

మన శావల్యాపురము స్టేషనును తలచుకొనుడు. నరసరావుపేట వినుకొండల నడుమ నున్న ఈ స్టేషనునకు పిడుగురాళ్ల వైపునుండి క్రొత్త మార్గము కూడ వచ్చి కలిసినది. ఏ బండి డ్రైవరైనను తన కిష్టము వచ్చినప్పుడు స్టేషనులోనికి బండిని తోలుకొని రాడు. సిగ్నలు పడువఱకు వెలుపలనే నిలుచును. పట్టాలు అన్ని బండ్లకును ఉపయోగపడవలసినవే. కాని యే బండి యెప్పుడు రావలెనో నిర్ణయించు అధికారము స్టేషను మాస్టరుది. ఆ నియమమే లేకున్నచో రెండు బండ్లు ఒకే పట్టాపై ఢీకొనును. కంప్యూటరునందు మెమరీ, డిస్కు, తెర పట్టాల వంటివి; ప్రోగ్రాములు బండ్ల వంటివి; కెర్నెలు స్టేషను మాస్టరు వంటిది.

ఈ యధికారము వట్టి మాట కాదు. ప్రాసెసరు నిర్మాణమునందే యిమిడి యున్నది. ఇంటెలు కంపెనీవారి ప్రాసెసరులయందు 0 మొదలు 3 వఱకు నాలుగు వలయములు గలవు. వానిలో ముఖ్యముగా వాడుకలో నున్నవి రెండు. కెర్నెలు 0వ వలయమున నుండును. దానికి అడ్డు లేదు. మనము నడుపు ప్రోగ్రాములు 3వ వలయమున నుండును. ఇట్టి ప్రోగ్రాము సెలవు లేకుండ పరికరమును తాకబోయినచో ప్రాసెసరే దానిని అడ్డగించి కెర్నెలునకు తెలియజేయును. కావున ప్రోగ్రాము తనకు కావలసిన పనిని కెర్నెలునకు మనవి చేసికొనవలెను. ఈ మనవికి సిస్టము కాల్ అని పేరు.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యునిక్సు అను ఆపరేటింగు సిస్టమును ప్రారంభించిరి. పరికరమును కూడ ఒక ఫైలువలెనే చూడవలెనని వారు యోచించిరి. తెఱచుట, చదువుట, వ్రాయుట, మూయుట అను మనవులతోనే పుస్తకము దాచిన ఫైలును, కీబోర్డును, డిస్కును వాడుకొనవచ్చును. ప్రోగ్రాము వ్రాయువాడు వేయి పరికరములకు వేయి పద్ధతులు నేర్వనక్కఱలేదు.

2. డ్రైవరు అను దుబాసి

అన్ని పరికరములకును ఒకే తీరున మనవి చేయవచ్చునన్నచో, వాని వేర్వేఱు భాషలు ఎవరికి తెలియవలెను? ఆ భారము డ్రైవరుది. పూర్వము దొరలకును రైతులకును నడుమ దుబాసి నిలిచినట్లు, కెర్నెలునకును పరికరమునకును నడుమ డ్రైవరు నిలుచును. పరికరములో రిజిస్టరులను చిన్న గళ్లుండును. ఏ గడిలో ఏ సంఖ్య వ్రాసిన పరికరము ఏ పని చేయునో, ఏ గడిని చదివిన దాని స్థితి తెలియునో, అదియంతయు దాని డ్రైవరునకే యెఱుక.

ఒక యుదాహరణము చూడుడు. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో తెలుగు టైపు చేయునప్పుడు ఆంగ్లమున ‘కె’ యని గుర్తుగల మీటను నొక్కిన ‘క’ పడును. గుండ్రని మొనగల పాత పి.ఎస్./2 కీబోర్డు అయినచో, ఆ మీట నొక్కగానే కంప్యూటరునకు 37 అను సంఖ్య అందును. వదలగానే దానికి 128 కలిపి 165 అందును. నేటి యు.ఎస్.బి. కీబోర్డు అయినచో అదే మీటకు 14 అను సంఖ్యను పంపును. మీట ఒకటే, సంఖ్యలు వేఱు. లినక్సు కెర్నెలునందు ఈ రెండు కీబోర్డులకును వేర్వేఱు డ్రైవర్లున్నవి. ఏ డ్రైవరు విన్నను, పైకి మాత్రము ‘కె మీట నొక్కబడినది’ అని ఒకే విధముగ విన్నవించును. ఆ మీదట తెలుగు అమరికను ఎఱిగిన ప్రోగ్రాము దానిని యూనికోడులోని 3093వ సంఖ్యగా, అనగా ‘క’ యను అక్షరముగా మార్చును. డ్రైవరునకు తెలుగు తెలియదు. తెలుగు ప్రోగ్రామునకు కీబోర్డు తీగ సంగతి తెలియదు. ఎవరి పని వారు చేయుటచేతనే కీబోర్డు మార్చినను మన తెలుగు మాఱకుండ నిలిచినది.

3. పరికరము పిలుచు విధము

ప్రాసెసరు సెకనునకు 100 కోట్లకు పైబడిన పనులు చేయగలదు. వేగముగా టైపు చేయువాడు సెకనునకు పదిసారులు మీటలు నొక్కుటయే గొప్ప. ‘మీట నొక్కితివా, నొక్కితివా’ యని కీబోర్డును ఎడతెగక అడుగుచు కూర్చున్నచో ప్రాసెసరు కాలమంతయు వృథా యగును. కావున పరికరమే పిలుచునట్లు ఏర్పాటు చేసిరి. ఈ పిలుపునకు ఇంటరప్టు అని పేరు. ఇది స్టేషనులో మ్రోగు గంటవంటిది. గంట వినగానే ప్రాసెసరు తాను చేయుచున్న పనిలో ఎచ్చట ఆగెనో గుర్తుపెట్టుకొని, కెర్నెలు ద్వారా ఆ పరికరపు డ్రైవరును పిలిచి, పని తీఱగానే మొదటి పనికి మఱలును. ఇది యెంత వేగముగ జరుగుననగా, మనము వినుచున్న పాట ఒక్క క్షణమైనను ఆగినట్లు తోపదు.

డిస్కు వంటి పరికరములు పెద్ద మూటలు తెచ్చును. ప్రతి యక్షరమునకు గంట మ్రోగించుట తగదు. అందుచే డ్రైవరు మెమరీలో ఒక స్థలము చూపి, ‘ఇచ్చట దింపుము, అంతయు దింపిన పిమ్మట ఒక్కసారి గంట మ్రోగింపుము’ అని డిస్కునకు చెప్పును. ఈ పద్ధతికి డి.ఎం.ఎ. అని పేరు.

4. క్రొత్త పరికరమును గుర్తించుట

యు.ఎస్.బి. పరికరమును తగిలించినంతనే అది తన్ను తాను తెలుపుకొనును. తయారుచేసినవారి సంఖ్య ఒకటి, వస్తువు సంఖ్య ఒకటి, తరగతి సంఖ్య ఒకటి విన్నవించును. కీబోర్డు, మౌసులకు 3వ తరగతి, ప్రింటర్లకు 7వది, పెన్‌డ్రైవులకు 8వది. కెర్నెలు తన పట్టికను చూచి, తగిన డ్రైవరును మెమరీలోనికి రప్పించి, పరికరమును దాని చేతికి అప్పగించును. ఒక తరగతివన్నియు ఒకే భాష మాటలాడుటచేతనే ఏ కంపెనీ పెన్‌డ్రైవునైనను ప్రత్యేకపు డ్రైవరు లేకుండ వాడుకొనుచున్నాము.

ఇచ్చట నొక హెచ్చరిక. పెన్‌డ్రైవుపై వ్రాయుమన్న దానిని కొన్ని కెర్నెలులు వెంటనే వ్రాయవు. మెమరీలో కొంత కూడబెట్టి ఒక్కసారిగా వ్రాయును. కావున ‘తీసివేయవచ్చును’ అని తెరపై వచ్చువఱకు ఆగక లాగినచో, వ్రాసితిమనుకొన్న పాఠము పోవచ్చును.

5. నమ్మినవాడు తప్పినచో

ఇంతవఱకు మేలు చెప్పితిమి, ఇక ప్రమాదము. మామూలు ప్రోగ్రాము తప్పు చేసినచో కెర్నెలు దానిని మాత్రము ఆపివేయును. తక్కినవి నడచుచునే యుండును. కాని విండోసు, లినక్సు మొదలగువానియందు పెక్కు డ్రైవర్లు కెర్నెలుతో పాటు 0వ వలయముననే యుండును. అచ్చట తప్పు జరిగినచో దిద్దుటకు పైన మఱియొక అధికారి లేడు. మఱింత చెఱుపు జరుగకుండ కెర్నెలు యంత్రమునే ఆపివేయును.

దీనికి దృష్టాంతము మన యెఱుకలోనే యున్నది. క్రౌడ్‌స్ట్రయిక్ అను అమెరికా కంపెనీవారు కంప్యూటర్లను దొంగ ప్రోగ్రాములనుండి కాపాడుటకు ఫాల్కన్ అను సాధనమును అమ్ముదురు. దాని డ్రైవరు విండోసు కెర్నెలునందు ఉండి కావలి కాయును. 2024 జూలై 19వ తేదీన, మన కాలమానము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు, వారు ఆ కావలివానికి ఒక క్రొత్త ఫైలును పంపిరి. అందలి నియమములకు 21 అంశములు కావలసి యుండగా, ఫాల్కన్ ప్రోగ్రాము అందించినవి 20 మాత్రమే. లేని 21వ దానిని చదువబోయి డ్రైవరు తనది కాని మెమరీలో అడుగు పెట్టినది. కంప్యూటర్లు నీలితెర చూపి నిలిచిపోయినవి. మఱల వెలిగించినను ఆ డ్రైవరే మొదట మేల్కొనుటచే మఱల పడిపోయినవి.

10 గంటల 57 నిమిషములకే ఆ ఫైలును ఉపసంహరించిరి. కాని ఆ 78 నిమిషములలోనే కీడు జరిగిపోయినది. సుమారు 85 లక్షల కంప్యూటర్లు చెడినవని మైక్రోసాఫ్టు కంపెనీ లెక్కకట్టినది. ఇది లోకమందలి విండోసు కంప్యూటర్లలో నూటికి ఒకటి కన్న తక్కువయే. అయినను విమానములు, బ్యాంకులు, ఆస్పత్రులు చిక్కులలో పడినవి. మన హైదరాబాదున శంషాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు బోర్డింగు పాసులు కలముతో వ్రాసి యిచ్చిరి. పెక్కు యంత్రములను బాగుచేయుటకు మనుష్యుడు దగ్గఱకు పోయి, సేఫ్ మోడులో తెఱచి, ఆ యొక్క ఫైలును చేతితో తీసివేయవలసి వచ్చినది. ఇందు శత్రువుల దాడి లేదు. నమ్మి లోపల నిలిపిన కావలివాని పొరపాటు మాత్రమే.

6. డ్రైవరు ఎచ్చట నుండవలెను?

అట్లయినచో డ్రైవర్లను కెర్నెలు వెలుపల నుంచరాదా యని మీరడుగవచ్చును. ఈ ప్రశ్న పాతదే. 1987లో మినిక్సు అను సిస్టమును ప్రకటించిన ఆచార్య ఆండ్రూ టానెన్‌బామ్ కెర్నెలు చిన్నదిగా నుండవలెననియు, తక్కిన పనులు వెలుపల నుండవలెననియు వాదించెను. 1991 ఆగస్టు 25న లినక్సును ప్రకటించిన ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ అన్నింటిని ఒకచోట నుంచినచో పని సులభముగను, వేగముగను సాగునని తలచెను. 1992లో వీరిద్దఱి వాదము ప్రసిద్ధికెక్కినది. వెలుపల నున్న డ్రైవరు పడినను మఱల లేపవచ్చును. కాని ప్రతి పనికిని గడప దాటి రాకపోకలు చేయవలెను. లోపలి డ్రైవరునకు ఆ శ్రమ లేదు. కాని పడినచో ఇల్లంతయు పడును. 2024 నాటి దెబ్బ తరువాత, కావలి ప్రోగ్రాములు కెర్నెలు వెలుపల నుండియే పనిచేయుటకు మార్గము కల్పించుటకు మైక్రోసాఫ్టువారు పూనుకొనిరి.

7. మనము చేయదగినది

డ్రైవరును పరికరము చేసినవారి నుండి గాని, ఆపరేటింగు సిస్టమువారి నుండి గాని మాత్రమే తీసికొనవలెను. ఊరు పేరు లేని చోట ఉచితముగా దొరకిన డ్రైవరును నిలుపుట ఇంటి తాళపుచెవిని బాటసారి చేతికిచ్చుట వంటిది. ఒక గదిలో ఇరువది కంప్యూటర్లున్నచో క్రొత్త డ్రైవరును ముందు ఒకదానిలో నిలిపి, రెండు దినములు చూచి, పిమ్మట తక్కినవానికి నిలుపుట మేలు.

విండోసు 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. క్రొత్త విండోసునకు తగని పాత యంత్రములను పారవేయుటకు ముందు, లినక్సును పెన్‌డ్రైవు నుండియే నడిపి, తెర, కీబోర్డు, ధ్వని, నెట్‌వర్కు పనిచేయుచున్నవో లేవో పరీక్షింపవచ్చును, డిస్కులోనిదేదియు మాఱదు. లినక్సు కెర్నెలు మూలము మూడు కోట్ల పంక్తులకు మించినది; అందు సగము కన్న ఎక్కువ డ్రైవర్లే. తయారుచేసినవారు మఱచిన పాత పరికరములకు సైతము అందు చోటు గలదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో సిద్ధపఱచిన సిస్టమునకును ఈ లినక్సు కెర్నెలే ఆధారము.

కెర్నెలు మనకు కనబడదు. చక్కగా పనిచేసినన్నాళ్లు దానిని తలచువారును ఉండరు. దాని నీడన నిలుచు డ్రైవరునకు అడ్డు లేని అధికారము దొరకును. అధికారము ఎంత పెద్దదో జాగ్రత్తయు అంత పెద్దదిగా నుండవలెనని ఆ 21వ అంశము మనకు నేర్పుచున్నది. మీలో కొందఱు ముందుముందు ఇట్టి ప్రోగ్రాములు వ్రాయుదురు. అప్పుడు దూరమున నెక్కడనో ఒక స్టేషనులో, ఒక ఆస్పత్రిలో మీ పంక్తిని నమ్ముకొని యంత్రము నడచుచున్నదని మఱువక, ఇరువదియా, ఇరువదియొకటియా యని మఱొక్కసారి లెక్కించుడు.

అభ్యాసము

1. ప్రోగ్రాము పరికరమును స్వయముగా తాకకుండ అడ్డగించున దెవరు?
2. పి.ఎస్./2 కీబోర్డులో ఒక మీటను వదలినప్పుడు 158 అందినది. నొక్కినప్పుడు అందిన సంఖ్య యెంత?
3. ఇంటరప్టు లేకున్నచో ప్రాసెసరునకు కలుగు నష్టమేమి?
4. ప్రోగ్రాము తప్పునకును, కెర్నెలులోని డ్రైవరు తప్పునకును గల భేదమును 2024 జూలై 19 నాటి సంగతితో వివరింపుడు.
5. డ్రైవరు కెర్నెలు లోపల నుండుట మేలా, వెలుపల నుండుట మేలా? రెండు పక్షములను వ్రాయుడు.