ఫోటో ఒక్కచోటే ఉండాలి, బుజ్జీ

గాజువాక

బుజ్జీ,

ఆల్బమ్‌లోంచి తీసేస్తే అసలు ఫోటో కూడా పోతుందా అని అడిగావు. నీ ఫోన్లో పోదు, నీ కంప్యూటర్లో పోతుంది. నీ తికమకంతా అక్కడే ఉంది. గూగుల్ ఫోటోస్‌లో ఆల్బమ్ అంటే ఒక జాబితా మాత్రమే. అందులోంచి తీసినా ఫోటో లైబ్రరీలో భద్రంగా ఉంటుంది. నువ్వు కంప్యూటర్లో కొత్తగా వేసుకున్న డిజీక్యామ్ సాఫ్ట్‌వేర్‌లో ఆల్బమ్ అంటే హార్డ్‌డిస్కులో ఉన్న ఫోల్డరే. అక్కడ డిలీట్ కొడితే ఫైలే వెళ్ళి చెత్తబుట్టలో పడుతుంది. ఖాళీ చెయ్యనంతవరకు దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు, కంగారు పడకు.

డిస్కు నిండిపోయిందని నువ్వు గోల పెడుతున్నది కూడా దీనివల్లే. కైలాసగిరి మీద తీసిన ఒకే ఫోటోని ‘అమ్మమ్మ’లో ఒకసారి, ‘పిక్నిక్’లో ఒకసారి, ‘బెస్ట్’లో మరోసారి పెట్టావు. ఇంత చదువు చదివి ఇదేం పనే? ఫోటో డిస్కులో ఒక్కచోటే ఉండాలి. ఆ చోటు తేదీని బట్టి ఉండాలి: 2014 అని ఒక ఫోల్డరు, దాని లోపల ‘2014-10-12 హుద్‌హుద్’. ఏడాది ముందు, నెల తర్వాత, రోజు చివర. అలా రాస్తేనే పేర్ల వరసా కాలం వరసా ఒకటవుతాయి. అమ్మమ్మ, పిక్నిక్, బెస్ట్ లాంటివన్నీ ట్యాగులు. ఒక్క ఫోటోకి పది ట్యాగులు తగిలించినా రెండో కాపీ పుట్టదు. ట్యాగు పీకేసినా ఫోటోకి ఏమీ కాదు.

ట్యాగుల పేర్లు మాత్రం ముందే తేల్చుకో. నీ జాబితాలో భీమిలి ఉంది, భీమునిపట్నం ఉంది, ఇంగ్లీషులో ఇంకోటి ఉంది. మూడూ ఒకే ఊరు, కానీ కంప్యూటరుకి మూడు ఊళ్ళు. ఒకటి ఉంచి మిగతావి అందులో కలిపెయ్.

ఇక తేదీలు. సాఫ్ట్‌వేర్ చూపించే తేదీని గుడ్డిగా నమ్మకు. హుద్‌హుద్ ఫోటోలే చూడు. తుఫాను తీరం దాటింది 2014 అక్టోబరు 12, ఆదివారం. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, రోజుల తరబడి ఫోన్లు చచ్చిపడి ఉన్నాయి. అన్నీ తేరుకున్నాక చుట్టాలు ఒకళ్ళకొకళ్ళు వాట్సాప్‌లో పంపుకున్నారు. వాట్సాప్ మామూలుగా ఫోటోని చిన్నది చేసి, కెమెరా రాసిన తేదీని తీసేసి పంపుతుంది. ఫైలు పేరులో కనిపించే 20141018 అది మనకు చేరిన రోజు, తీసిన రోజు కాదు. మన వీధిలో చెట్లు రోడ్డుకి అడ్డంగా పడి ఉన్న ఆ ఫోటో 18వ తేదీది ఎలా అవుతుంది? అప్పటికే వాటిని నరికి పక్కకి లాగేశారు. అలాంటివాటిని డిజీక్యామ్‌లో తేదీ సవరించే పరికరంతో 12కి మార్చు. తీసినవాళ్ళ దగ్గర అసలు ఫైలు ఉంటే అడిగి తెచ్చుకో, ఇంకా మంచిది.

వీడియోలది మరో పేచీ. చాలా ఫోన్లు వీడియో టైముని మన టైములో కాకుండా అంతర్జాతీయ ప్రమాణ సమయంలో రాస్తాయి. అది మనకన్నా అయిదున్నర గంటలు వెనక. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని మన టైముకి మార్చకుండానే చూపిస్తాయి. చందనోత్సవం నాడు సింహాచలం కొండ కింద తెల్లవారుజామున నాలుగింటికి మీ అన్న క్యూలో తీసిన వీడియో ముందురోజు రాత్రి పదిన్నరది అయి కూర్చుంది చూశావా, ఇందుకే. ఎక్కడో పోయిందనుకుని నువ్వు వెతుకుతున్న వీడియో అదే. ముందురోజు ఫోల్డర్లో ఉంది.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. దీనికోసమే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

మీ తాతయ్య ఫోటోలు స్కాన్ చేశావు, సంతోషం. కానీ ముందువైపు మాత్రమే చేశావు! పాత ఫోటోకి వెనకవైపు కూడా ఉంటుందమ్మా. స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత, జిగురు మరక, అన్నీ పనికొచ్చేవే. హెల్మెట్లు పెట్టుకుని, భుజాల మీద చేతులేసుకుని మీ తాతయ్య స్టీల్‌ప్లాంటులో తోటివాళ్ళతో నిలబడ్డ ఫోటో ఒకటుంది చూడు. కంప్యూటరు దాన్ని నువ్వు స్కాన్ చేసిన రోజు కింద పెట్టింది, అంటే 2023లో. దాన్ని తిప్పి చూడు. ‘జాతికి అంకితం రోజు’ అని తాతయ్య చేతిరాత ఉంది. ప్రధాని పి.వి. నరసింహారావు స్టీల్‌ప్లాంటుని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. తేదీ దొరికిందా లేదా? వెనకవైపు కూడా స్కాన్ చేసి, అదే పేరుకి చివర ‘వెనక’ అని చేర్చి పక్కనే ఉంచు.

తేదీ ఎలాగో ఒకలా దొరుకుతుంది. మనుషుల పేర్లు దొరకవు. ముఖాలు గుర్తుపట్టే ఏర్పాటు డిజీక్యామ్‌లో ఉంది కానీ, హెల్మెట్ నీడలో సగం మూసుకుపోయిన ముఖాన్ని అదేం పోలుస్తుంది? పోల్చినా, ఎవరో ఒకరు ముందు పేరు చెప్పాలి కదా. ఆ ఫోటోలో ఎడమ నుంచి మూడో ఆయన మన ఇంటికి ప్రతి సంక్రాంతికీ వచ్చేవారు, కూర్మన్నపాలెంలో ఉండేవారు. అది నాకు తెలుసు, అమ్మమ్మకి తెలుసు. మీ అమ్మకి అప్పటికి ఊహ తెలిసీ తెలియని వయసు. మిగతావాళ్ళు అమ్మమ్మకే తెలుసు. నువ్వు రంగులు సరిచేస్తూ, గీతలు తుడుస్తూ నెలలు గడుపుతున్నావు. అవి పదేళ్ళ తర్వాతైనా చెయ్యొచ్చు. అమ్మమ్మ పక్కన కూర్చుని, లాప్‌టాప్ తెర మీద ఫోటో పెద్దది చేసి, ఒక్కొక్క ముఖం చూపించి అడుగు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు శీర్షికలో తెలుగులోనే రాయి. ఆవిడ కథల్లోకి వెళ్ళిపోతుంది, వెళ్ళనీ. విసుక్కోకు. ఫోన్లో రికార్డు చేసి ఆ ఫోల్డర్లోనే పెట్టు.

రాసినవి ఎక్కడ ఉంటున్నాయో కూడా చూసుకో. ఒకప్పుడు మన ఊళ్ళో కంప్యూటరున్న ఇళ్ళలో చాలామంది ఫోటోలకి పికాసా అనే సాఫ్ట్‌వేర్ వాడేవారు. 2016లో గూగుల్ దాన్ని ఆపేసింది. ఫోటోలు ఎక్కడికీ పోలేదు కానీ, ఓపిగ్గా కూర్చిన ఆల్బమ్‌లు వేరే సాఫ్ట్‌వేర్లోకి తేలిగ్గా రాలేదు. డిజీక్యామ్ కూడా మామూలుగా తన డేటాబేసులోనే రాసుకుంటుంది. సెట్టింగ్స్‌లో మెటాడేటా పేజీకి వెళ్ళి, ట్యాగులూ శీర్షికలూ ముఖాల పేర్లూ ఫైల్లోకే రాయమని టిక్కు పెట్టు. వీడియోలకైతే పక్కనే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైలు రాయమను. రేపు డిజీక్యామ్ లేకపోయినా ఆ ముఖం ఎవరిదో ఫోటోయే చెబుతుంది.

డూప్లికేట్లు వెతికే పని సాఫ్ట్‌వేరే చేస్తుంది. రెండు ఒకేలా కనిపిస్తే సైజు పెద్దది ఉంచు, చిన్నది సాధారణంగా వాట్సాప్‌ది. తీసేముందు చిన్నదానికి ఉన్న ట్యాగులు పెద్దదానికి పెట్టు. ఇదంతా మొదలెట్టకముందే మొత్తం ఇంకో డిస్కులోకి కాపీ చేసి, హైదరాబాదులో మీ అన్న దగ్గరికి పంపించు. సముద్రం గాలికి మన ఇళ్ళలో ఇనుప సామానే తుప్పు పడుతోంది, రెండు డిస్కులూ ఒకే బీరువాలో పెట్టడం నాకు ఇష్టం లేదు.

మీ అమ్మ పెళ్ళి క్యాసెట్లు మినీ డీవీవి. గంట క్యాసెట్టు ఎక్కించడానికి గంటా పడుతుంది, దాదాపు 13 జీబీ చోటు తింటుంది. ముందు కాపీలు తగ్గించు, తర్వాత చూద్దాం. పాత కెమెరా నా దగ్గరుంది, దానికి సరిపోయే కేబుల్ కోసం వెతుకుతున్నాను.

మీ మావయ్య