ముల్లు తీయమని మూడుసార్లు



బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సాయంకాలం కాసేపు నిలబడి చూడండి. బందరు రోడ్డు, మద్రాసు-కలకత్తా రహదారి కలిసే కూడలి అది. 2020లో ఒకటి, 2021లో మరొకటి ఫ్లైఓవర్లు వచ్చాక దూరపు బండ్లు పైనుంచి పోతున్నాయి గాని, కింద రోడ్డు దాటేవాడి పాట్లు వాడివే. ఆమధ్య అక్కడ చేతికర్రతో ఒక అంధుడు నిలబడి ఉన్నాడు. ఒక పెద్దమనిషి జాలిపడి, మాటామంతీ లేకుండా ఆయన రెక్క పట్టుకొని అవతలికి దాటించేశాడు. తీరా చూస్తే ఆయన ఎక్కవలసిన బస్సు ఇవతలి వైపే ఆగుతుందట! "అయ్యా, నన్ను ఎక్కడినుంచి తెచ్చారో అక్కడే దింపండి" అన్నాడాయన నవ్వుతూ.

మార్కు సువార్త 10వ అధ్యాయంలో బర్తిమయి కథ మీకు తెలిసిందే. గుడ్డివాడికి కావలసింది ఏమిటో అక్కడున్న ప్రతివారికీ తెలుసు. అయినా యేసుప్రభువు ముందుగా అతణ్ణి అడిగాడు, నీకు ఏమి చేయాలని. ఆ అడగడంలోనే మర్యాద ఉంది. రోగిని మనం అడగం. సలహా చెబుతాం.

జ్వరం చుట్టం లాంటిది. నాలుగు రోజులుండి పోతుంది. మధుమేహం, మూర్ఛ, కీళ్లవాతం, పోలియో పట్టిన కాలు, వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ కోరే మూత్రపిండాలు అలా కాదు. అవి ఇంట్లో మనిషిలా ఉండిపోతాయి. వాటితో ఎలా కాపురం చేయాలన్నదే ఈ వారం మన పాఠం.

నా సంగతి కొంత చెప్పుకోవాలి. నాకు కీళ్లవాతం వచ్చి పద్నాలుగేళ్లు. ఉదయం లేచాక గంటసేపు వేళ్లు ముడుచుకోవు. మొదట్లో ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంది మరి. ఒక ప్రార్థన కూటంలో ఎక్కడినుంచో వచ్చిన బోధకుడొకరు, మాత్రలు మింగడం అవిశ్వాసానికి గుర్తు అన్నారు. వారానికొకసారి వేసుకునే మాత్ర ఐదు నెలలు మానేశాను. ఆ ఐదు నెలల్లో కుడిచేతి వేళ్లు రెండు వంకరపోయాయి. మందు మళ్లీ మొదలుపెడితే నొప్పి తగ్గింది గాని, పాడైన కీలు తిరిగి రాదని డాక్టరుగారు చెప్పారు. కోపం ఆయన మీద కాదు, నా మీద కూడా పూర్తిగా కాదు. ఇన్సులిన్ మీద బతికే పిల్లవాడి తల్లి ఆ మాట విని ఉంటే ఏమయ్యేది? ఐదు నెలలు అక్కర్లేదు, కొద్దిరోజుల్లోనే ప్రాణం పోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

పునీత పౌలుగారు ఎందరినో స్వస్థపరిచారు. అయినా కడుపు బాగులేని తిమోతికి విశ్వాసం చాలదని చెప్పలేదు. కొంచెం ద్రాక్షరసం పుచ్చుకోమన్నారు. ఆ కాలానికి అదే మందు. సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయమైతే వైద్యుణ్ణి దేవుడే నియమించాడని చెబుతుంది. ఇక పౌలుగారి ఒంట్లోనే ముల్లు ఉంది. ఏ జబ్బో పండితులు తేల్చలేదు. తీసివేయమని మూడుసార్లు వేడుకొన్నారు, తీయబడలేదు. కొరింతీయులకు వ్రాసిన రెండవ లేఖ 12వ అధ్యాయం తెరిచి నిదానంగా చదవండి. ఆయన ముల్లును పువ్వు అనలేదు సుమా! ముల్లు అనే అన్నారు. జబ్బును అంగీకరించడమంటే దాన్ని ప్రేమించడం కాదు, పేరు పెట్టి పిలవగలగడం.

మనకు మరీ దగ్గరి సాక్షి గుణదలలోనే ఉంది. 1924లో అర్లాటి గురువులు అక్కడ మరియమాత స్వరూపాన్ని నెలకొల్పిన నాటినుంచి రోగులు ఆ కొండకు వస్తూనే ఉన్నారు. ఫిబ్రవరి ఉత్సవాలలో ఎందరో లూర్దుమాత వద్ద స్వస్థత కోరుతారు. అయితే లూర్దులో 1858లో ఆ తల్లిని చూసిన బెర్నదెత్ సంగతి ఎంతమందికి తెలుసు? ఆమెకు చిన్నప్పుడు కలరా సోకింది, ఉబ్బసం జీవితాంతం వదల్లేదు. తన చేతులతో తవ్విన ఊట ఇతరులను బాగుచేసింది గాని ఆమెను కాదు. 1866లో నెవేర్ మఠంలో చేరి, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు రోగుల గదిలో సేవ చేసింది. తరువాత మోకాలికి ఎముకల క్షయ వచ్చింది. తన పని జబ్బుపడి ఉండటమే అని ఆమె చెప్పుకొనేది. ఏడుపుగొట్టు మనిషి కాదు, మాట చురుకు. మంచంమీదనే కుట్టుపని చేసేది. 1879 ఏప్రిల్ 16న ముప్పయి ఐదవ ఏట కన్నుమూసింది. 1933లో శ్రీసభ ఆమెను పునీతగా ప్రకటించింది, స్వస్థత పొందినందుకు కాదు.

ఆ ఫిబ్రవరి 11నే వ్యాధిగ్రస్తుల ప్రపంచ దినంగా 2వ జాన్ పాల్ పోపుగారు నిర్ణయించారు. 1993లో మొదటిసారి జరిగింది. తరువాతి సంవత్సరాలలో వణికే చేతులతో, తడబడే మాటతో ఆయనే లోకం ముందుకు వచ్చేవారు, దాచుకోకుండా.

మనమైతే దాస్తాం. వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి ఫాదర్‌గారిని పిలుద్దామంటే "అప్పుడేనా?" అని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. అది చావు ముందు మాత్రమే ఇచ్చే సంస్కారం కాదు. తీవ్రమైన జబ్బున్నవారు, పెద్ద ఆపరేషనుకు వెళ్లేవారు కూడా పొందవచ్చు, జబ్బు ముదిరితే మళ్లీ పొందవచ్చు. సదరం సర్టిఫికెట్ సంగతీ అంతే. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టం వాటిని 21 చేసింది. తలసేమియా, హీమోఫిలియా, పార్కిన్సన్ వంటివి అందులో చేరాయి. అర్హత ఉండీ, ఆ కాగితం మీద పేరు పడితే నామోషీ అని ఊరుకున్న కుటుంబాలు మన విచారణల్లోనే ఉన్నాయి. పిల్లవాడి చదువుకు, ఉద్యోగానికి ఆ కాగితం అవసరపడుతుంది. అమ్మానాన్నలు సిగ్గుపడితే నష్టపోయేది వాడు.

ఈ ఆదివారం భోజనాలయ్యాక మీ ఇంట్లో జబ్బుతో ఉన్నవారిని ఒక్క మాట అడగండి: "మేము చేసే పనుల్లో మీకు ఏది సాయం, ఏది ఇబ్బంది?" జవాబు కొంచెం ఘాటుగా ఉండవచ్చు. మధ్యలో అడ్డు తగలకండి.

కిందటి ఉత్సవాలకు నేను గుణదల వెళ్లాను గాని కొండ మెట్లు ఎక్కలేదు. మునుపటి సంవత్సరాలలో పంతానికి పోయి ఎక్కి, వారం రోజులు మంచమెక్కేవాణ్ణి. ఈసారి కిందనే కూర్చున్నాను. మా కోడలు వచ్చి, "మామయ్యగారూ, మీ కొవ్వొత్తి కూడా పైకి తీసుకెళ్లి వెలిగించనా?" అని అడిగింది.

"వద్దమ్మా, ఇక్కడే నేను వెలిగిస్తాను. అగ్గిపుల్ల మాత్రం నువ్వు గీసి ఇవ్వు" అన్నాను.