రబ్బరు గొట్టాల సంగతి: మేనల్లుడికి ఉయ్యూరు నుంచి లేఖ



పాత టర్బో కారు ఇంజనుకు బలం పెంచాలనుకున్నవారు తొలి రూపాయి ఖర్చు పెట్టవలసింది కొత్త సామాను మీద కాదని, కంపెనీ ఆనాడు ఇచ్చిన బలంలో ఈనాటికి ఎంత మిగిలిందో తేల్చే పరీక్షల మీదనని ఈ పని ఎరిగినవారు ఒప్పుకుంటారు. చిరంజీవి మేనల్లుడు క్రిందటి ఉత్తరంలో రీమ్యాపు, పెద్ద సైలెన్సరు, ‘ఉష్’మని చప్పుడు చేసే వాల్వు అంటూ మూడు కోరికలు రాశాడే గాని ఈ పరీక్షల ఊసు ఒక్క వాక్యంలోనూ ఎత్తలేదు; అందువల్లనే ఈ లేఖ ఇంత పొడుగు కావలసి వచ్చింది. పైగా ఆ కోరికల సంగతి ఉత్తరంకన్నా ముందే విజయవాడ ఆటోనగర్‌లో బయల్దేరి, పోరంకి, కంకిపాడు దాటేసరికి బందరు రోడ్డు మీద రాత్రిపూట పందేలు అనే తోక తగిలించుకొని అమ్మమ్మ చెవిన పడింది. పందేల మాట అబద్ధమని మేనమామ నమ్మకం. అమ్మమ్మ మాత్రం చిన్నమామయ్య విషయం తలుచుకొని ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అదేమిటో చిరంజీవికి వివరించనక్కర్లేదు.

చిరంజీవి కొన్న స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ తేలికగా తీసిపారేయదగిన బండి కాదన్నది మొదట ఒప్పుకోవాలి. ఔరంగాబాదు దగ్గరి కర్మాగారంలో బిగించి 2004 నుంచి మన దేశంలో అమ్మిన ఆ కారులో 1,781 సీసీల ఫోక్స్‌వ్యాగన్ కుటుంబపు ఇంజను ఉంటుంది. సిలిండరుకు అయిదు చొప్పున ఇరవై వాల్వులున్న ఆ ఇంజను 150 హార్స్‌పవరు బలాన్నీ, 210 న్యూటన్ మీటర్ల టార్కునూ, అంటే ఇరుసును మెలితిప్పే శక్తినీ ఇచ్చేది. టర్బో అంటే, పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడి వాయువుల తోపుతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న రెండో చక్రంతో బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి నెట్టే సాధనం. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. లోపలికి పోయే గాలి పెరిగితే దానికి తగినంత పెట్రోలు కూడా అదనంగా కాల్చవచ్చు గనుక చిన్న ఇంజను పెద్ద ఇంజను పని చేయగలుగుతుంది. ఆ గాలి ఒత్తిడినే మెకానిక్కులు బూస్టు అంటారు.

ఆ బూస్టు ప్రయాణమంతా రబ్బరు గొట్టాల గుండానే సాగుతుంది. టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు, అంటే ఒత్తిడికి వేడెక్కిన గాలిని చల్లార్చడానికి బంపరు మూలన, చక్రానికి ముందు అమర్చిన చిన్న జాలీపెట్టెకు, అక్కడి నుంచి ఇంజను ముఖద్వారానికి గాలిని చేరవేసేవి లావాటి వంపు గొట్టాలు. బూస్టును అదుపు చేసే వాల్వులకు కబురు మోసేవి చిటికెనవేలికన్నా సన్నటి వాక్యూం పైపులు. ఇంజను అడుగున పుట్టే ఆయిలు ఆవిరిని తిరిగి దహనానికి పంపేవి బ్రీదరు గొట్టాలు. ఈ మూడో రకం మానిఫోల్డు కింద, చెయ్యి దూరని చోట ఉంటుంది గనుక సర్వీసింగులో దాన్ని ఎవరూ తాకరు. ఇరవై ఏళ్ళ వేడికి, ఆయిలు ఆవిరికి ఆ రబ్బరు పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఒకచోట బంకబంకగా మెత్తబడుతుంది, మరొకచోట అప్పడంలా పెళుసెక్కి వేలు తగిలితే చిట్లుతుంది.

చీలిక ఏర్పడితే ఏం జరుగుతుందో చిరంజీవి నెమ్మదిగా చదవాలి. లోపలికి వచ్చే గాలిని టర్బోకు ముందున్న సెన్సరు కొలిచి ఇంజను కంప్యూటరుకు చెబుతుంది. ఆ తర్వాత గొట్టం చీలికలోంచి కొంత గాలి బయటికి జారిపోయినా కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు గనుక పాత లెక్క ప్రకారమే పెట్రోలు పోస్తుంది. ఫలితంగా మిశ్రమం చిక్కబడి నల్లపొగ వస్తుంది, ప్లగ్గులు మసిబారతాయి, మైలేజీ పడిపోతుంది, పోయిన ఒత్తిడిని పూడ్చడానికి టర్బో మరింత వేగంగా తిరిగి అరుగుతుంది. బ్రీదరు గొట్టం చీలితే తంతు తిరగబడుతుంది: కొలతకు అందని గాలి లోపలికి చొరబడి, బండి నిలిపి ఉన్నప్పుడు ఇంజను ఊగిసలాడుతుంది. ఇటువంటి కారుకు రీమ్యాపు చేసి బూస్టును దాదాపు రెట్టింపు చేస్తే చీలిక ఇంకా తెరుచుకుంటుందే తప్ప కాగితం మీది బలం చక్రాలకు చేరదు. రీమ్యాపు బాగోలేదని తిట్టుకొనేవారిలో చాలామంది తిట్టవలసింది గొట్టాన్నే.

పరీక్ష కష్టమైనది కాదు. గాలి వచ్చే గొట్టం మొదట ఒక మూత బిగించి, కంప్రెసరుతో ఒక బార్‌కు మించకుండా గాలి ఎక్కించి, గొట్టాల మీదా క్లిప్పుల మీదా సబ్బు నురగ పూయాలి. పొగ వదిలి చూపే యంత్రం ఉన్న చోట దానితో చూపించడం ఇంకా మేలు. పైనుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. అద్దం ముక్క కిందికి పట్టి చూసినప్పుడు మాత్రం వంపు లోపలివైపు, క్లిప్పు అంచుకు ఆనుకొని, వెంట్రుకవాసి గీతలోంచి బుడగలు ఒకదాని వెనక ఒకటి ఉబ్బి పగులుతుంటాయి. గొట్టం మార్చేటప్పుడు స్క్రూ క్లిప్పును అతిగా బిగిస్తే అది రబ్బరును కోస్తుందనీ, రంగురంగుల మామూలు సిలికాన్ గొట్టాలు గాలికి పనికివస్తాయే గాని పెట్రోలుకూ ఆయిలు ఆవిరికీ పనికిరావనీ గుర్తుంచుకోవాలి. అందానికని ఎర్ర సిలికాన్ గొట్టాన్ని బ్రీదరుకు తగిలిస్తే కొన్నాళ్ళకు అది చెమర్చి ఆయిలు కారుతుంది.

మేనమామకు ఈ గొట్టాల పిచ్చి ఊరకే పట్టలేదు. 1960లలో ఏర్పడిన విజయవాడ ఆటోనగర్‌లో ఆయన పని నేర్చుకునే నాటికి లారీలకు టర్బోలు కొత్తగా వస్తున్నాయి. చల్లపల్లి వైపు నుంచి వచ్చిన ఒక లారీ లోడు మీద నల్లపొగ కక్కుతుంటే పంపు విప్పి సరిచేశారు, నాజిళ్ళు మార్చారు, పొగ మాత్రం తగ్గలేదు. చివరికి పెద్ద మేస్త్రి టీ గ్లాసు పక్కన పెట్టి, ఇంజను రేజు చేయించి, అరచేతిని గొట్టం వెంబడి మెల్లగా జరుపుతూ ఒకచోట ఆపి నవ్వాడు. ఆ మేస్త్రి చదువుకున్నవాడు కాదు.  

గాలి గొట్టాలతో పాటు పెట్రోలు గొట్టాల సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో ఉయ్యూరుకు చుట్టరికం ఉంది. వెలగపూడి రామకృష్ణ 1941లో నెలకొల్పిన కేసీపీ సంస్థ చక్కెర మిల్లు పేరుతోనే ఈ ఊరు పెరిగింది. చెరకు రసం నుంచి చక్కెర తీశాక మిగిలే మడ్డిని పులియబెట్టి, బట్టీ పెట్టి తీసేది ఆల్కహాలు, అందులో నీటిని పూర్తిగా తొలగిస్తే వచ్చేది పెట్రోలులో కలిపే ఇథనాలు. 2023 నుంచి దశలవారీగా వచ్చిన ఇరవై శాతం ఇథనాలు పెట్రోలు ఇప్పుడు దేశమంతటా అమ్ముడవుతున్నది. చెరకు రైతు ఇంట పుట్టినవారెవరూ దాన్ని నిందించరు. పైగా ఇథనాలుకు ఆక్టేను, అంటే ఒత్తిడికి తనంత తానే ముందుగా మండిపోకుండా ఓర్చుకొనే గుణం, 108 దాకా ఉండడం టర్బో ఇంజనుకు మేలే. అయితే 2004 నాటి గొట్టాలు, సీళ్ళు ఆ మిశ్రమం కోసం తయారైనవి కావు. నీతి ఆయోగ్ 2021లో ప్రకటించిన ప్రణాళికలోనే, పది శాతం మిశ్రమానికి సరిదిద్దిన కార్లలో ఇరవై శాతం వాడితే మైలేజీ ఆరేడు శాతం తగ్గుతుందన్న అంచనా ఉంది. కొన్ని పాత వాహనాల్లో ఇరవై ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు మార్చవలసి రావచ్చని పెట్రోలియం శాఖ 2025లో చెప్పింది. కనుక ట్యాంకు నుంచి ఇంజను దాకా ఉన్న పెట్రోలు పైపులన్నీ ఇథనాలుకు ఓర్చే రకంతో ముందే మార్పించాలి. గాలి గొట్టం చీలితే పికప్ పోతుంది. పెట్రోలు గొట్టం చీలితే ఎర్రగా కాలే టర్బో పక్కనే పెట్రోలు చిమ్ముతుంది. చిన్నప్పుడు ట్రాక్టరు బానెట్టు వెచ్చగా ఉందని దానికి ఆనుకొని నిద్రపోయిన పిల్లవాడు అటువంటి బండి నడుపుతాడన్న తలపు ఈ ఇంట్లో ఎవరూ భరించలేరు.

 

గొట్టాలు తేలాక తక్కిన పాత బాకీలు చూడాలి. టైమింగు బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకోవాలి, ఎందుకంటే అది తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి ఇంజనునే మింగేస్తాయి. బెల్టుతో పాటు నీటి పంపు కూడా, ప్లాస్టిక్ రెక్కలున్నది వద్దని చెప్పి, మార్పించాలి. ఫోక్స్‌వ్యాగన్ 502 00 ప్రమాణం రాసి ఉన్న సింథటిక్ ఆయిలే వాడాలి. నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరిగే టర్బో ఇరుసుకు పలుచటి ఆయిలు పొర తప్ప మరో ఆధారం లేదు గనుక దూరం నుంచి వేగంగా వచ్చిన బండిని వెంటనే ఆపక ఒక నిమిషం ఊరకే తిరగనివ్వాలి.

అప్పుడు రీమ్యాపు. కంప్యూటరులో బూస్టు, పెట్రోలు, నిప్పురవ్వ పడే వేళ అనే మూడు లెక్కలను తిరగరాయడమే అది. ఈ ఇంజనులో మరే భాగమూ మార్చకుండా ఒక్క దీనితోనే బలం 190 హార్స్‌పవరు దాకా వెళ్తుంది. తొలి మెట్టుగా ఇదొక్కటి చాలునన్నది మేనమామ తీర్పు. రాసేవాడు పాత ఫైలును అందరికీ ఒకటే అంటించేవాడు కాక, రోడ్డు మీద నడిపి, నాకింగును, అంటే రవ్వ అంటించిన మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంత తానే పేలి పిస్టన్‌ను కొట్టడాన్ని, లెక్క తీసి చూపేవాడై ఉండాలి. ఆ లెక్క తీయవలసింది డిసెంబరు చలిలో కాదు. గాలి మూడు డిగ్రీలు వేడెక్కితే సాంద్రత దాదాపు ఒక శాతం తగ్గుతుంది. మే నెలలో బెజవాడ నలభై నాలుగు డిగ్రీలకు చేరినప్పుడు ఈ కారుకున్న చిన్న ఇంటర్‌కూలరు తట్టుకోలేదు. కనుక రెండో ఖర్చు పెద్ద ఇంటర్‌కూలరు. టార్కు పెరిగాక పాత క్లచ్చు జారడం మొదలైతే అది మూడో ఖర్చు, బ్రేకులు మాత్రం వీటన్నిటికన్నా ముందు.

‘ఉష్’ వాల్వు గురించి ఒక్క మాట చాలు: సెన్సరు లెక్కపెట్టిన గాలిని అది బయటికి వదిలేస్తుంది, అంటే డబ్బిచ్చి కొత్త చీలిక కొనుక్కున్నట్టే. సైలెన్సరుతో పాటు పొగను శుభ్రపరిచే కన్వర్టరును తీసేయడం నేరం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019లో సుప్రీం కోర్టు దాన్ని గట్టిగా చెప్పింది, అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా గాని ఆరు నెలల దాకా జైలు గాని పడవచ్చు. రీమ్యాపు పైకి కనబడకపోయినా బీమా కంపెనీకి చెప్పకుండా దాచితే ప్రమాదం నాడు పరిహారం చిక్కుల్లో పడుతుంది. పదిహేనేళ్ళు దాటిన కారు గనుక రిజిస్ట్రేషను పునరుద్ధరణ తనిఖీ కూడా ఉంటుంది; ఆ పని ముగించుకున్నాకే ఏ భాగమైనా ముట్టుకోవాలి.

బందరు రోడ్డు ఇప్పుడు వెడల్పయి 65వ నంబరు జాతీయ రహదారి అనిపించుకుంటున్నా, సీజనులో చెరకు ట్రాక్టర్లు వెనక దీపం లేకుండా, గడలు ట్రాలీ దాటి బయటికి పొడుచుకొచ్చి, చీకట్లో ముందు నడుస్తూనే ఉంటాయి. ఆ రోడ్డు మీద 150 హార్స్‌పవర్లే ఎక్కువ. ఈ వాక్యం చదివి చిరంజీవి నవ్వుకుంటాడని తెలుసు, నవ్వనీ.

మాఘంలో ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్ళకు చిరంజీవి ఆ కారులోనే రావాలని అమ్మమ్మ కోరిక, పగటిపూటే బయల్దేరాలని ఆమె షరతు. రీమ్యాపుకు బయానా ఇవ్వకముందే సబ్బు నురగ పరీక్ష చేయించి, బుడగలు వచ్చిన చోటు ఫొటో తీసి పంపాలి. విప్పిన పాత గొట్టాలను పారవేయకుండా డిక్కీలో వేసుకొని రావాలి, వాటిని మేనమామ తన చేతులతో చూడాలి.