నెత్తి మీద నిప్పు: వెంట్రుక ఎప్పుడు మండుతుంది, ఎప్పుడు మండదు

పట్టుచీర అని చెప్పి అమ్మినది నిజంగా పట్టేనా అని తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. అంచు నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్ల చూపిస్తే చాలు. నూలు పోగైతే కాగితంలా భగ్గున మండి మెత్తని బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే ముందు ముడుచుకుని, ఆపైన కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా తయారవుతుంది. అసలు పట్టయితే అయిష్టంగా కాలుతుంది. నిప్పు పక్కకు తీస్తే చాలావరకు తనంతట తానే ఆరిపోతుంది. మిగిలిన మసిని వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. వీటన్నిటికంటే ముందు ముక్కుకు తెలిసేది వాసన. అచ్చం వెంట్రుక కాలినట్టే ఉంటుంది. మన భాషలో దానికి కమురు కంపు అని విడిగా పేరే ఉంది.

కృత్రిమ దారపు బట్టలకు దేశంలోనే పెద్ద కేంద్రమైన సూరత్‌లో ఈ పరీక్ష విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అక్కడి లింబాయత్ వంటి పేటల్లో తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తరతరాలుగా నూలు, పట్టు నేసిన వాళ్ల వారసులు ఇప్పుడు మరమగ్గాల మీద పాలిస్టర్ నేస్తున్నారు. ఏ దారం ఎలా కాలుతుందో వాళ్లకు పుస్తకం చూసి తెలుసుకోవాల్సిన పని లేదు. అయితే ఆ పరీక్షలో మనం సాధారణంగా గమనించని సంగతి ఒకటి ఉంది. పట్టు అయిష్టంగా కాలినట్టే వెంట్రుక కూడా అయిష్టంగానే కాలుతుంది. మరి మనుషుల జుట్టు భగ్గున అంటుకున్న ప్రమాదాలు ఎలా జరుగుతున్నాయి?

2022 అక్టోబర్‌లో ఆ ప్రశ్న దక్షిణ గుజరాత్‌లోనే ఎదురైంది. సూరత్‌కు దక్షిణంగా వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, వల్సాడ్ జిల్లాలో వాపి పట్టణం ఉంది. అక్కడి ఒక సెలూన్‌లో పద్దెనిమిదేళ్ల యువకుడు ‘ఫైర్ హెయిర్‌కట్’ చేయించుకుంటుండగా మంట అదుపు తప్పింది. అతని మెడ, ఛాతీ తీవ్రంగా కాలాయి. స్థానిక ఆసుపత్రి నుంచి వల్సాడ్ సివిల్ ఆసుపత్రికి పంపారు. అక్కడి వైద్యులు సూరత్‌కు తీసుకువెళ్లమన్నారని బంధువులు చెప్పారు. తలకు ఏదో రసాయనం రాసి నిప్పు పెట్టినట్టు పోలీసుల ప్రాథమిక విచారణలో తేలింది. ఆ వీడియో దేశమంతా చూసింది. అయినా అలాంటి కటింగ్ వీడియోలు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి.

మన వెంట్రుకలో ఎక్కువ భాగం కెరాటిన్ అనే ప్రోటీన్. గోళ్లు, గొర్రె ఉన్ని, పక్షి ఈకలు, ఆవు కొమ్ము పైపొర కూడా కెరాటిన్ కుటుంబానివే. బరువులో సుమారు 15 శాతం నైట్రోజన్, 5 శాతం దాకా గంధకం ఉంటాయి. వెంట్రుకకు బలాన్నిచ్చేవి పక్కపక్క ప్రోటీన్ గొలుసులను కట్టిపడేసే గంధకపు వంతెనలు. వేడికి అవి తెగి హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి వాయువులు బయటపడతాయి. కమురు కంపుకు ముఖ్య కారణం ఇవే. వంద కోట్ల గాలి అణువుల్లో కొన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ అణువులున్నా మన ముక్కు పట్టేస్తుంది. ఒక్క వెంట్రుక కాలినా ఇల్లంతా తెలిసేది అందుకే. పట్టులో గంధకం దాదాపు ఉండదు కాబట్టి దాని వాసన అంత ఘాటుగా ఉండదు. దిష్టి తీసి ఉప్పు, మిరపకాయలతో పాటు రాలిన వెంట్రుకలను కూడా నిప్పుల్లో వేసే ఇళ్లు కొన్ని ఉన్నాయి. ఆ ఘాటును బట్టి దిష్టి ఎంత తగిలిందో లెక్కగట్టడం పెద్దవాళ్ల అలవాటు. నిజానికి మిరపకాయ గొంతు పట్టుకుంటే, వెంట్రుక ముక్కు పట్టుకుంటుంది. రెండూ రసాయనాల పనే.

ఇక అయిష్టం సంగతి. ఒక పదార్థం మండుతూ ఉండాలంటే చుట్టూ గాలిలో కనీసం ఎంత శాతం ఆక్సిజన్ కావాలో కొలిచే పద్ధతి ఉంది. నూలుకు 18 శాతం చాలు. ఉన్నికి సుమారు 25 శాతం కావాలి. మనం పీల్చే గాలిలో ఉన్నది 21 శాతం. అంటే మామూలు గాలిలో నూలు హాయిగా మండుతుంది, ఉన్ని ఆరిపోవాలని చూస్తుంది. వెంట్రుక ఉన్నికి దగ్గరి చుట్టం కాబట్టి దాని ధోరణీ అదే. పైగా ఇవి రెండూ గాలిలోని తేమను బాగా పీల్చుకుంటాయి. ఆ నీరు ఆవిరి కావడానికే కొంత వేడి ఖర్చవుతుంది. ఉన్ని అంటుకోవాలంటే 570 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో వేడి కావాలి. అయితే అంటుకోకపోయినా పాడవడానికి అంత వేడి అక్కర్లేదు. 230 డిగ్రీల దగ్గరే కెరాటిన్ నిర్మాణం చెదిరిపోతుంది. జుట్టు సాఫీ చేసే ఇస్త్రీ యంత్రాలు కొన్ని సరిగ్గా ఆ వేడి దాకా వెళ్తాయి.

ఇంత మొండి పదార్థం కూడా తల మీద ఉన్నప్పుడు కొన్నిసార్లు లొంగిపోతుంది. మొదటి కారణం సన్నదనం. వెంట్రుక మందం మిల్లీమీటరులో పదో వంతో, అంతకంటే తక్కువో ఉంటుంది. దుంగ అంటుకోని చోట చితుకులు అంటుకున్నట్టు, సన్నటి పోగు త్వరగా వేడెక్కుతుంది. విరబోసిన జుట్టులో పోగు పోగుకీ మధ్య గాలి ఉంటుంది. బిగుతుగా అల్లిన జడలో అంత ఉండదు. దీపం మీదికి వంగినప్పుడు వేలాడే కొసలే ముందు అంటుకుంటాయి. మంట పైకి పాకే స్వభావం కలది కాబట్టి పై పోగులను ముందే వేడి చేసుకుంటూ తల వైపు ఎక్కుతుంది.

రెండో కారణం మనం జుట్టుకు పూసేవి. ప్రమిదలో నూనెకు నేరుగా అగ్గిపుల్ల చూపిస్తే అది అంటుకోదు, వత్తి కావాలి. తలకు రాసుకున్న కొబ్బరినూనెదీ అదే తీరు, దానంతట అది ప్రమాదకరం కాదు. కానీ కొసలకు ఒకసారి నిప్పు తగిలితే నూనె పట్టిన వెంట్రుకలే వత్తి అయిపోతాయి. స్పిరిట్ కథ వేరు. స్వచ్ఛమైన ఇథైల్ ఆల్కహాల్ 20 డిగ్రీల లోపు చల్లదనంలోనే అంటుకోగలిగినంత ఆవిరి విడుస్తుంది. సూరత్ వేడిలో అయినా మన కోస్తా వేడిలో అయినా అది సీసా మూత తీసిన క్షణం నుంచి సిద్ధంగానే ఉన్నట్టు లెక్క. హెయిర్ స్ప్రే డబ్బాల్లో ఆల్కహాల్‌తో పాటు వంటగ్యాసులో ఉండే ప్రొపేన్, బ్యూటేన్‌లే తోసే వాయువులుగా ఉంటాయి. అవి ఆరకముందు నిప్పు దగ్గరికి వెళ్లకూడదని డబ్బా మీద రాసే ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ.

ఫైర్ హెయిర్‌కట్‌లో మామూలుగా జుట్టుకు మండే ద్రవమో జెల్లో రాసి, లైటర్‌తో అంటించి, మంట ఉండగానే దువ్వెనతో సవరిస్తారు. చాలాసార్లు ఏమీ కాదు. ఎందుకు కాదో తెలియాలంటే సైన్సు ప్రదర్శనల్లో చూపించే ‘కాలని రుమాలు’ గుర్తు చేసుకోవాలి. నీళ్లు, ఆల్కహాల్ కలిపిన ద్రవంలో ముంచిన రుమాలును అంటిస్తే మంట లేస్తుంది, బట్ట మాత్రం కాలదు. మండుతున్నది పైనున్న ఆల్కహాల్ ఆవిరి. బట్టలోని నీరు వేడిని తాగేస్తూ ఉంటుంది, ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 2,260 జౌళ్ల శక్తి కావాలి. నీటి పాలు తగ్గినా, మంట ఇంకొన్ని సెకన్లు ఆగినా ఆ రక్షణ పోతుంది. సెలూన్‌లో ఆ పాళ్లు కొలిచేవారు ఎవరు? పైగా ద్రవం పల్లానికి జారుతుంది. నుదురు, చెవులు, మెడ మీదుగా కిందికి వస్తే మంట కూడా వెంటే వస్తుంది. ఆల్కహాల్ మంట లేత నీలం రంగులో ఉండి, వెలుతురులో సరిగ్గా కనిపించదు కూడా. మెడకు కట్టిన గుడ్డ పాలిస్టర్ అయితే 260 డిగ్రీల ప్రాంతంలో కరిగి చర్మానికి అతుక్కుంటుంది. వాపిలో సరిగ్గా ఏం జరిగిందో చెప్పడం దర్యాప్తు పని. మెడ, ఛాతీ కాలాయన్న వివరం మాత్రం ఈ భౌతికశాస్త్రానికి దూరంగా లేదు.

ఇంతా చేసి దక్కే లాభం ఏమిటి? చిట్లిన కొసలు ‘మూసుకుంటాయి’, జుట్టు ‘సారం’ బయటికి పోదు అని ప్రచారం. ఇది కొత్త మాట కూడా కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర యూరప్, అమెరికా క్షౌరశాలల్లో సన్నని మైనపు వత్తితో కొసలు కాల్చడం ఫ్యాషన్‌గా ఉండేది. వెంట్రుకను లోపల రసం పారే గొట్టంలా ఊహించుకున్నారు వాళ్లు. వెంట్రుకలో ప్రాణమున్నది చర్మం కింది కుదురులో మాత్రమే. బయటికి వచ్చిన భాగమంతా నిర్జీవం. అందులో పారేదీ కారేదీ ఏమీ లేదు. కాలిన కొసను సూక్ష్మదర్శినిలో చూస్తే మూసుకున్న మూత కాదు, ఉబ్బిన గుండు, లోపల వాయు బుడగలు కనిపిస్తాయి. అది పెళుసుగా మారి మళ్లీ అక్కడే విరుగుతుంది. మంట తగిలిన వెంట్రుకలను ఫోరెన్సిక్ నిపుణులు గుర్తుపట్టేది ఈ ఆనవాళ్లతోనే.

పురాణాల్లో మాత్రం మండే జుట్టు మహిమకు గుర్తు. ఋగ్వేదంలో అగ్నికి శోచిష్కేశుడని పేరు, జ్వాలలే కేశాలైనవాడని అర్థం. భాగవతంలో శివుడు మెరుపులా మండే జటను పెరికి నేలకు కొడితే వీరభద్రుడు పుట్టాడు. అంబరీషుడి మీద కోపంతో దుర్వాసుడు జట నుంచే కృత్యను సృష్టించాడు. రోమన్ చరిత్రకారుడు లివీ రాసిన కథలో సర్వియస్ తుల్లియస్ అనే పిల్లవాడు నిద్రపోతుండగా తల చుట్టూ మంటలు లేచాయి. నీళ్లు పోయబోతే రాణి ఆపింది, పిల్లవాడు లేవగానే మంట మాయమైంది. అతడే తర్వాత రాజయ్యాడు. ఈ కథలన్నిటిలో జుట్టు మండుతుంది గానీ మనిషి కాలడు. మన తెలుగు సామెతకే లోకజ్ఞానం ఎక్కువ. గడ్డం కాలి ఒకడు ఏడుస్తుంటే ఇంకొకడు చుట్టకు నిప్పు అడిగాడట.

నిజ జీవితంలో ఆ ఏడుపు కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. వెంట్రుకలో నరాలు లేవు, పైన మండుతున్నప్పుడు వేడి ఎక్కువగా పైకే పోతుంది. 1984 జనవరి 27న లాస్ ఏంజెలిస్‌లో ఒక శీతలపానీయం ప్రకటన చిత్రీకరణలో బాణసంచా ముందే పేలి మైకేల్ జాక్సన్ జుట్టు అంటుకుంది. ఆయన కొన్ని క్షణాలు ఏమీ తెలియనట్టు నాట్యం చేస్తూనే ఉన్నాడు. ఆ కొద్దిసేపటికే నెత్తి మీద చర్మం లోతుగా కాలింది. కాబట్టి పక్కవాళ్లు చూసేదాకా సంగతి తెలియకపోవచ్చు.

అలా చూసినప్పుడు చేయాల్సింది తేలికే. పరుగెత్తనివ్వకూడదు, గాలి తగిలితే మంట పెరుగుతుంది. మందపాటి నూలు తువ్వాలు, తడిదైతే ఇంకా మంచిది, నుదుటి వైపు నుంచి వెనక్కి కప్పి అదిమితే ఆక్సిజన్ అందక ఆరిపోతుంది. దొరికింది కదా అని పాలిస్టర్ చున్నీ కప్పకూడదు. ఆ వెంటనే కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు పారించాలి. ఐసు, టూత్‌పేస్ట్, సిరా, పసుపు వద్దు. చర్మానికి అతుక్కున్న బట్టను పీకకూడదు. ముఖం, మెడ కాలితే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అక్కడ వైద్యులు టార్చిలైటు వేసి ముక్కు రంధ్రాల్లోకి చూస్తారు. లోపలి వెంట్రుకలు కమిలి ఉంటే వేడిగాలి శ్వాసనాళం దాకా వెళ్లి ఉండవచ్చని అనుమానిస్తారు. పైకి చిన్నగా కనిపించిన కాలుడైనా సరే, ఆ రోగిని ఇంటికి పంపరు.