బిడ్డకు వైద్య బీమా: పాలసీ పత్రమున చూడవలసినవి

పైరునకు బీమా చేయించు రైతు, ఇంటిలోని బిడ్డ విషయమున ఊరకుండుట మేము తరచు చూచుచున్నాము. బిడ్డ నాలుగు దినములు ఆసుపత్రిలో ఉన్నచో పంటసొమ్ము కరగి, పిదప వడ్డీకి పోవలసివచ్చును. కావున ఈ నెల పాఠమును దీనికి వినియోగించుచున్నాము.

మొదట ప్రభుత్వ పథకమున అర్హత గలదేమో విచారింపవలెను. 2007లో ఉమ్మడి రాష్ట్రమున వెలసిన ఆరోగ్యశ్రీ నేడు ఆంధ్రప్రదేశమున ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేర నడచుచున్నది. తెలంగాణమున 2023 డిసెంబరులో దీని పరిమితిని కుటుంబమునకు ఏటా 10 లక్షల రూపాయలకు పెంచిరి. బిడ్డ పేరు కార్డులో చేర్పించుటకు జాగుచేయరాదు. అయితే ఇవి నిర్ణీత చికిత్సలకే వర్తించును. తక్కినవానికై వేరు పాలసీ కొనదలచువారు ఈ క్రింది సంగతులు గమనింతురు గాక.

పసిబిడ్డకు ప్రత్యేకముగా పాలసీ సాధారణముగా ఇయ్యరు. తల్లిదండ్రుల పాలసీలోనే చేర్తురు. పలు పాలసీలలో 91వ దినము మొదలుగాని బిడ్డను చేర్చుకొనరు. పుట్టిననాటి నుండియే రక్షణ కావలెనన్న, ప్రసవవ్యయము భరించు పాలసీని గర్భధారణకు ఎంతో ముందుగా కొనవలెను. దానికిని నిరీక్షణకాలము కలదు. టాన్సిల్సు, వరిబీజము వంటి బాల్యవ్యాధుల శస్త్రచికిత్సకు సైతము పలు పాలసీలలో రెండేండ్లు ఆగవలెను. రోగము వచ్చిన పిమ్మట కొందమనువారికి ఇక్కడనే చిక్కు.

గది అద్దె పరిమితి అన్నిటికంటె ముఖ్యము. ఏజెంటు పాలసీ మొత్తమును చూపును గాని ఈ పంక్తిని చూపడు! 3 లక్షల పాలసీలో దినమునకు నూటికి ఒకటి, అనగా 3,000 రూపాయలు, అద్దెగా నిర్ణయించిరనుకొనుడు. మీరు 6,000 రూపాయల గదిలో దిగితిరేని, కంపెనీ అద్దెలో సగమిచ్చి ఊరకుండదు. వైద్యుని ఫీజులోను, శస్త్రచికిత్స గది ఖర్చులోను సగమే ఇచ్చును. ఆ ఖర్చులు 40,000 అయినచో 20,000 మీ చేతినుండి పోవును. మందులకు, పరీక్షలకు మాత్రము ఈ కోత లేదు. పరిమితి లేని పాలసీకి ప్రీమియము కొంత హెచ్చైనను అదియే మేలని మా అభిప్రాయము.

బిడ్డకు ఆయాసము గాని, మూర్ఛ గాని మునుపున్నచో దరఖాస్తులో దాచకుడు. 2024 నిబంధనల ప్రకారము పూర్వవ్యాధికి నిరీక్షణ 3 ఏండ్లకు మించరాదు. దాచినది బయటపడినచో క్లెయిమునే త్రోసివేయుదురు.

పత్రము చేరిన 30 దినములలోపల నచ్చనిచో, స్వల్ప మినహాయింపుతో పైకము వాపసు పొందవచ్చును. చదువుట కష్టమైన సభ్యులు ఆ గడువులోగా పత్రమును సంఘ కార్యాలయమునకు తెచ్చినచో చదివి వినిపింతుము.