నెలలు నిండని పాప: తల ఆకారం, మెడ బలం

ప్రశ్న: మా పాప 28 వారాలకే పుట్టింది. రెండు నెలలకు పైగా ఎన్‌ఐసీయూలో ఉంచారు. ఇప్పుడు ఆరు నెలలు నిండాయి. తల సన్నగా, పొడుగ్గా ఉంది. వెనక కుడివైపు చదునైంది. మా అత్తగారు నూనె రాసి తల ఒత్తుతున్నారు, ఆవాల దిండు పెట్టమంటున్నారు. మా ఆడపడుచు బాబుదీ ఇదే వయసు. వాడు బోర్లా పడ్డాడని బొబ్బట్లు పంచారు. మా పాపకి మెడ కూడా పూర్తిగా నిలవలేదు. మెదడులో ఏమైనా లోపమా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు వయసు లెక్క చూద్దామమ్మా. పాప 40 వారాలకు పుట్టాల్సింది, 12 వారాలు ముందే వచ్చేసింది. కాబట్టి ఎదుగుదల విషయంలో తన వయసు మూడు నెలలే. దీన్నే కరెక్టెడ్ ఏజ్ అంటారు. రెండేళ్లు వచ్చేదాకా ఈ లెక్కే చూడాలి. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే లెక్క. మూడు నెలలకు మెడ అప్పుడప్పుడే నిలుస్తుంది. బోర్లా పడటం సాధారణంగా నాలుగు, ఆరు నెలల మధ్య. మీరు చెప్పినదాన్ని బట్టి పాప వెనకబడలేదు.

కడుపులో చివరి మూడు నెలల్లోనే ఎముకలకు కాల్షియం బాగా చేరుతుంది. ఆ నెలలు మీ పాప ఉమ్మనీటిలో కాక పరుపు మీద గడిపింది. పుర్రె మెత్తన, తల తిప్పుకునే బలం లేదు, ఎక్కువసేపు పక్కకు తిరిగి పడుకోవడం. అందుకే తల అలా సాగింది. దీనివల్ల మెదడుకు హాని లేదు. తల చుట్టుకొలత వయసుకు తగ్గట్టు పెరుగుతోందా అన్నది ముఖ్యం.

చదునైన కుడివైపు మాత్రం పట్టించుకోవాలి. పాప ఎప్పుడూ అటే తిరుగుతోందని అది చెబుతోంది. పాప హుషారుగా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, ఒక అడుగు దూరం నుంచి మీ ముఖాన్ని మెల్లగా పాప కుడివైపు నుంచి ఎడమవైపుకు జరపండి. కళ్లు మీ వెంట వస్తున్నా తల మధ్యలో ఆగిపోతుంటే మెడ కండరం బిగిసి ఉండొచ్చు. ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే. మెలకువగా ఉన్నప్పుడు రోజుకు కొన్నిసార్లు, రెండు మూడు నిమిషాలు బోర్లా పడుకోబెట్టండి. పాప ఏడిస్తే మీరు వెనక్కి వాలి మీ గుండెల మీద వేసుకోండి; మీ ముఖం కోసం తల ఎత్తుతుంది. మెడ బలానికీ, తల ఆకారానికీ ఇదే మందు. వెలుతురు ఎడమవైపు ఉండేలా మంచం మీద తలవైపు మార్చి పడుకోబెడితే, దానికోసం ఎడమకు తిరుగుతుంది. ఆవాల దిండు వద్దు, ఊపిరికి ప్రమాదం. తల ఒత్తడం వల్ల ఆకారం రాదు. అత్తగారిని ఒళ్లంతా సున్నితంగా నూనె రాయమనండి, తలను మాత్రం ఒత్తొద్దని చెప్పండి.

ప్రశ్న: తల సరిచేసే హెల్మెట్ పెట్టించాలా?

జవాబు: చాలామందికి అక్కర్లేదు. 2014లో నెదర్లాండ్స్‌లో ఐదారు నెలల పిల్లల మీద అధ్యయనం జరిగింది. రెండేళ్ల వయసుకు హెల్మెట్ పెట్టినవారికీ పెట్టనివారికీ తల ఆకారంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందులో మీ పాపలా చాలా ముందుగా పుట్టిన పిల్లలు లేరు. అందుకే వంకర బాగా ఎక్కువైతే డాక్టరు చూసి నిర్ణయించాలి.

ప్రశ్న: ఏ లక్షణాలు కనిపిస్తే ఆగకూడదు?

జవాబు: పుర్రె అతుకుల వెంట గట్టిగా గట్టులా తగలడం, చుట్టుకొలత పెరగకపోవడం లేదా ఒక్కసారిగా పెరగడం. కరెక్టెడ్ ఏజ్ నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవడం, పిడికిళ్లు ఎప్పుడూ బిగించే ఉంచడం, కాళ్లు కత్తెరలా పెనవేసుకోవడం, ఏడాది లోపే ఒకే చెయ్యి వాడటం. వీటిలో ఏది కనిపించినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. ఏ లక్షణం లేకపోయినా, ఇంత ముందుగా పుట్టిన బిడ్డకు కరెక్టెడ్ ఏజ్ మూడు నెలలప్పుడు కదలికల పరీక్ష చేయించాలి. మీ పాపకు ఆ సమయం ఇదే. జిల్లా ఆస్పత్రిలోని డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్)లో అడగండి. అక్కడి సేవలు ఉచితం. పరీక్షలో తేడా కనిపిస్తే, మెదడు వేగంగా ఎదిగే ఈ నెలల్లో మొదలుపెట్టిన వ్యాయామం ఎక్కువ ఫలితం ఇస్తుంది.